సాకెట్ ద్వారా సమాచార సేకరణ

హైదరాబాదు నగరంలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇరుగుపొరుగు ప్రాంతాలు. నారాయణగూడలో కళాశాలలు, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. వివిధ జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగార్థులు ఎందరో ఆ గ్రంథాలయంలో గంటల తరబడి అధ్యయనం సాగిస్తుంటారు. పరీక్ష ప్రకటన, పాత ప్రశ్నపత్రం, హాల్ టికెట్ మొదలైనవి వారికి నేడు అంతర్జాలం ద్వారానే అందుతున్నాయి. మీట నొక్కగానే ఫైలు వచ్చి చేరుతుంది. ఆ మీట వెనుక జరిగే వ్యవహారం ఎట్టిది? దానిని గ్రహించాలంటే ఆ పని చేసే చిన్న ప్రోగ్రామును స్వయంగా రాసి చూడటం ఉత్తమ మార్గం.

గ్రంథాలయంలో పుస్తకం కోరిన పాఠకుడు మొదట భవనం ఎక్కడున్నదో తెలుసుకోవాలి. తర్వాత తగిన విభాగానికి వెళ్లి, పుస్తకం పేరును చీటీపై స్పష్టంగా రాసి ఇవ్వాలి. గ్రంథపాలకుడు తెచ్చి ఇచ్చిన పుస్తకంలో పుటలన్నీ ఉన్నాయో లేవో చూసుకోవాలి. డౌన్‌లోడ్ ప్రక్రియ కూడా ఇట్టిదే. సేవను కోరే ప్రోగ్రామును క్లయింట్ అని, సేవను అందించే దానిని సర్వర్ అని వ్యవహరిస్తారు. ఈ రెండింటి నడుమ సంభాషణకు ద్వారం వంటిది సాకెట్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో రూపొందిన యూనిక్స్ వ్యవస్థలో భాగంగా 1983లో ఇది వ్యాప్తిలోకి వచ్చింది.

మొదటి మెట్టు చిరునామా. మనుషులు వెబ్‌సైటును పేరుతో గుర్తిస్తారు. యంత్రాలు సంఖ్యతో గుర్తిస్తాయి. పేరును సంఖ్యగా మార్చి చెప్పేది డొమైన్ నేమ్ సిస్టమ్. ఒకే యంత్రంలో పలు సేవలు ఉండవచ్చు కనుక విభాగాన్ని సూచించే మరొక సంఖ్య కావాలి. దాని పేరు పోర్టు. వెబ్ సేవకు 80, రహస్య లిపిలో సాగే సురక్షిత వెబ్ సేవకు 443 నిర్ణయమై ఉన్నాయి. క్లయింట్ ఒక సాకెట్‌ను సృష్టించి, ఆ చిరునామాకు, ఆ పోర్టుకు సంధానం చేస్తుంది.

రెండవ మెట్టు అభ్యర్థన. 'గెట్' అనే పదం, కావలసిన ఫైలు మార్గం, హెచ్.టి.టి.పి. రూపాంతర సంఖ్య మొదటి పంక్తిలో ఉండాలి. రెండవ పంక్తిలో 'హోస్ట్' అన్న మాటతో వెబ్‌సైటు పేరు రాయాలి. ఆ పిమ్మట ఒక ఖాళీ పంక్తి ఉండి తీరాలి. 'నా మనవి ముగిసింది' అని దాని అర్థం. దానిని మరచితే సర్వర్ మిగిలిన మాట కోసం, క్లయింట్ జవాబు కోసం నిరీక్షిస్తూ రెండూ మౌనంగా ఉండిపోతాయి. ఏమీ రాయని ఒక్క పంక్తికి ఇంతటి ప్రాముఖ్యం ఉంది.

మూడవ మెట్టు జవాబు. దాని తొలి పంక్తిలో 200 అని ఉంటే కోరినది లభించిందని, 404 అని ఉంటే అటువంటిది లేదని అర్థం. తర్వాతి శీర్షిక పంక్తులలో 'కంటెంట్-లెంగ్త్' అనేది ముఖ్యమైనది. రాబోయే సమాచారం ఎన్ని బైట్లో అది తెలుపుతుంది. ఇక్కడ కూడా ఒక ఖాళీ పంక్తి వస్తుంది. దాని తర్వాత వచ్చేదే అసలు ఫైలు.

కొత్తగా ప్రోగ్రాము రాసేవారు తరచుగా పొరబడేది ఈ చోటనే. ఒక్కసారి అడిగితే ఫైలంతా వచ్చిందని వారు భావిస్తారు. కాని సమాచారం కాలువ నీటి వలె ప్రవహిస్తూ వస్తుంది. ఒక్కొక్క మారు ఎంత అందుతుందో ముందుగా చెప్పలేము. కనుక మళ్లీ మళ్లీ అడుగుతూ, వచ్చిన బైట్లను లెక్కిస్తూ, ఫైలులో చేరుస్తూ పోవాలి. సర్వర్ 48,000 బైట్లు పంపుతానని చెప్పి, 31,000 అందిన తర్వాత సంధానం తెగిపోతే ఆ ఫైలు అసంపూర్ణం.

తెలుగు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న పదంలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు కలిసి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు ఉంటాయి. అందిన ముక్క సంకేతం నడుమ తెగితే, ఆ ముక్కను వెంటనే అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము తెరపై వికృత చిహ్నాలను చూపుతుంది. అందువల్ల బైట్లను బైట్లుగానే భద్రపరచి, అన్నీ చేరిన తర్వాతనే అక్షరాలుగా చదవాలి.

నేడు అధిక భాగం వెబ్‌సైట్లు 443 పోర్టునే వినియోగిస్తున్నాయి. వాటితో సంభాషించడానికి సాకెట్‌పై రహస్య లిపి పొరను అదనంగా చేర్చాలి. అయినను అడుగుట, లెక్కించుట, సరిచూచుట అనే క్రమం మారదు.

సగం వచ్చిన ఫైలు తెరుచుకోకపోతే దోషం తెలిసిపోతుంది. తెరుచుకుంటేనే ప్రమాదం. పరీక్ష ప్రకటనలో తుది భాగం లోపించినా, మొదటి భాగం చక్కగా కనిపిస్తే అభ్యర్థికి సందేహం కలగదు. అర్హత నిబంధనకు చేసిన సవరణ ఆ లోపించిన భాగంలోనే ఉండవచ్చు. అందుచేత మంచి ప్రోగ్రాము వస్తున్న ఫైలును తాత్కాలికమైన పేరుతో ఉంచి, బైట్ల లెక్క సరిపోయిన తర్వాతనే అసలు పేరు పెడుతుంది; సరిపోకపోతే ఆ సంగతిని స్పష్టంగా చెబుతుంది. ఏమీ తెలియనివాడు మరొకరిని అడుగుతాడు; సగమే తెలిసి అంతా తెలిసిందనుకున్నవాడు అడగడు. పుస్తకం చేతికి రాగానే చివరి పుట ఉన్నదో లేదో చూసుకొనే పాఠకుని అలవాటు యంత్రానికి కూడా నేర్పదగినదే.