మీకు తెలుసా? నోట్లో ఎర్రదీపం!

లేజర్ అనగానే ఇనుమును కోసే నిప్పుగీత గుర్తొస్తోందా? నోటి నొప్పికి వాడే ఒక రకం లేజర్ కోయదు, కాల్చదు, వెచ్చదనం కూడా దాదాపు తెలియనివ్వదు! అందుకే దానికి 'కోల్డ్ లేజర్' అని ముద్దుపేరు.

దాని బలమెంతో చెప్పుకోండి చూద్దాం! సాధారణంగా అర వాట్ లోపే. పడగ్గదిలో వెలిగే పాతకాలపు 'జీరో బల్బు' పేరుకే సున్నా, తాగే కరెంటు మాత్రం సుమారు 15 వాట్లు!

మొదటి లేజర్ వెలిగింది 1960లో. ఏడేళ్లకే బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు, లేజర్‌కూ క్యాన్సర్‌కూ సంబంధమేమిటో చూద్దామని ఎలుకల బొచ్చు గొరిగి ఆ వెలుగు పడేశాడు. లేజర్ సోకిన ఎలుకలకే బొచ్చు గబగబా మొలిచింది! (బట్టతల బాబాయిలు ఇక్కడ చెవులు రిక్కించే ఉంటారు.) ఆ తర్వాత ఆయన మానని పుండ్ల మీదా అదే వెలుగు ప్రయోగించాడు.

నోటి బాధలంటే షుగర్ సంగతీ చెప్పుకోవాలి. షుగర్ వల్ల దెబ్బతినేవి కళ్లు, కిడ్నీలు, నరాలే అనుకుంటున్నారా? చిగుళ్ల జబ్బుకు 1993లోనే 'మధుమేహపు ఆరో చిక్కు' అని పేరు పడింది!

ఇంకా వింత, ఈ దారి రెండువైపులా నడుస్తుంది! షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్ల జబ్బుకు బాగా వైద్యం చేస్తే, మూడు నాలుగు నెలల్లో షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) దాదాపు 0.4 శాతం మేర దిగుతుంది.

నాలుక చూస్తే మామూలుగా, శుభ్రంగా ఉంటుంది. మంట మాత్రం పచ్చిమిరపకాయ కొరికినట్టే! దీన్ని 'నోటి మంట' జబ్బు అంటారు, షుగర్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది, దీనికీ ఈ లేజర్‌ను ప్రయోగించి చూస్తున్నారు. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ రోగులు నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు కదా, మాత్ర లేని ఉపశమనం మీద ఆసక్తి అందుకే. షుగర్ మాత్ర మాత్రం మానేయకు తాతయ్యా, ఈ వెలుగు దాని పని చేయదు!

ఇంతకీ ఈ లేజర్ పనిచేసేదెలా? మన కణాల్లో వెలుగును పీల్చే రాగి ఉంది! కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో రాగి, ఇనుము కలిసిన ఒక ఎంజైమ్ ఎర్రకాంతిని పట్టుకుని పని పెంచుతుందని శాస్త్రజ్ఞుల వివరణ.

ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలా? కాదు! పులుసులో ఉప్పులాగే, మోతాదు మించితే ఫలితం తగ్గిపోతుంది.

చికిత్స నోటికి, కవచం కళ్లకు! కొన్ని లేజర్ల కాంతి కంటికి కనబడదు కాబట్టి రెప్ప తనంతట తాను మూసుకోదు. అందుకే డాక్టరూ రోగీ ఇద్దరూ అద్దాలు పెట్టుకుంటారు.

వెంట్రుక మందంలో ఈ లేజర్ కాంతి తరంగాలు దాదాపు వంద పడతాయి!

పిల్లలూ, ఎర్రకాంతి ఒంట్లోకి ఎలా దూరుతుందో ఈ రాత్రి సెల్‌ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి. తెల్లటి వెలుగు పెడితే వేలు ఎర్రగా వెలుగుతుందేం? నీలం, ఆకుపచ్చ రంగుల్ని నెత్తురు మింగేస్తుంది, ఎరుపొక్కటే కండ దాటి బయటికొస్తుంది!