రెండవ తరగతి చదువు: తల్లిదండ్రులకు తెలియవలసినది, తెలుసుకొనే మార్గం

కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడిన తరువాత ఇక్కడి కుటుంబాల దినచర్య పూర్తిగా మారిపోయింది. మారికుప్పం, ఛాంపియన్, ఊర్గాం, కోరమాండల్ స్టేషన్లలో తెల్లవారుజామున రైలెక్కి, బంగారపేట మీదుగా బెంగళూరుకు పనికి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరేవారు ఎందరో ఉన్నారు. చిత్తూరు జిల్లా నుండి, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల పల్లెల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాల జీవనమూ ఇదే. అటువంటి ఇళ్ళలో ఏడేండ్ల బిడ్డ చదువును గూర్చి పెద్దలకు తెలిసేవి తరచుగా రెండే మాటలు: “బడికి పోయింది”, “పాసయింది”. బిడ్డ ఏమి నేర్చుకొన్నదో ఈ రెండింటిలో ఏ మాటా చెప్పదు. ఆ సంగతిని బడి నుండి ఎలా తెలుసుకోవాలో, తెలుసుకొనే హక్కు ఎక్కడ ఉన్నదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండవ తరగతికి ఉన్న ప్రాధాన్యం

మొదటి రెండు మూడు తరగతులలో బిడ్డ చదవడం నేర్చుకొంటుంది. ఆ తరువాతి తరగతులలో చదివి నేర్చుకొంటుంది. పరిసరాల పాఠమైనా, లెక్కల పుస్తకంలోని సమస్య అయినా అక్కడ చదివి అర్థం చేసుకోవలసిందే. చదవడం రాని బిడ్డకు నాలుగవ తరగతిలో ఒక పాఠం కాదు, అన్ని పాఠాలూ మూసుకొనిపోతాయి. అందుచేత లోటు ఉంటే అది రెండవ తరగతిలోనే బయటపడాలి. అప్పుడు దానిని సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒక్కొక్క తరగతికి ఒక లక్ష్యాన్ని నిర్ణయించింది. రెండవ తరగతి ముగిసేనాటికి బిడ్డ నిమిషానికి 45 నుండి 60 పదాల వరకు అర్థం చేసుకొంటూ ధారాళంగా చదవాలి. 999 వరకు అంకెలను చదివి, వ్రాయాలి. 99 వరకు ఉన్న సంఖ్యలలో తీసివేతలు చేయాలి. మీ బిడ్డ ఈ గమ్యానికి ఎంత దూరంలో ఉన్నదన్నదే మీరు బడిలో అడగవలసిన అసలు ప్రశ్న.

తరగతి దాటడం ఈ ప్రశ్నకు సమాధానం కాదు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం చిన్న తరగతులలో పిల్లలను అదే తరగతిలో నిలిపివేయరాదు. 2019లో చేసిన సవరణ కూడా అయిదవ, ఎనిమిదవ తరగతులకు మాత్రమే వర్తిస్తుంది. పసిపిల్లలను అవమానం నుండి, బడి మానివేయడం నుండి కాపాడడానికి ఏర్పరచిన నియమం ఇది, మంచిదే. అయితే మూడవ తరగతికి పంపినంత మాత్రాన రెండవ తరగతి చదువు వచ్చినదని అర్థం కాదన్న సంగతిని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

చట్టం ఏమి చెప్పుచున్నది

2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులను పేర్కొన్నది. తల్లిదండ్రులతో, సంరక్షకులతో క్రమం తప్పక సమావేశాలు జరిపి, బిడ్డ హాజరును, నేర్చుకొనే శక్తిని, చదువులో సాధించిన ప్రగతిని, ఇతర ముఖ్య విషయాలను వారికి తెలియజేయడం ఆ విధులలో ఒకటి. ప్రతి బిడ్డ నేర్చుకొనే శక్తిని అంచనా వేసి, అవసరమైన వారికి అదనపు బోధన అందించడం మరొకటి.

కనుక బిడ్డ చదువును గూర్చి అడగడమంటే ఉపాధ్యాయుని సహాయం కోరి సంకోచపడడం కాదు. ఆయన పని మీద అనుమానపడడమూ కాదు. చట్టం ఇరువురికీ కల్పించిన సంబంధం అది. మీకు చదువు రాకపోయినా, కన్నడం రాకపోయినా ఈ హక్కు తగ్గదు.

కర్ణాటకలో “సముదాయదత్త శాలె” అనే పేరుతో, బడి సమాజం వద్దకు వచ్చి పిల్లల ప్రగతిని తల్లిదండ్రుల ముందుంచే సమావేశాలు కూడ జరుగుతాయి. ఆ రోజున మీ బిడ్డ వ్రాసిన పత్రాలను చూపమని కోరవచ్చును. మార్కును మాత్రమే కాక, తప్పు ఎక్కడ జరిగినదో కూడ అడగవచ్చును.

నలి-కలి తరగతిలో ఏమి జరుగుతుంది

ప్రభుత్వ పాఠశాలలలో చిన్న తరగతులకు నలి-కలి పద్ధతిలో బోధిస్తారు. ‘ఆడుతూ నేర్చుకో’ అన్నది దాని భావం. ఈ పద్ధతి మూలాలు మన తెలుగు నేలలోనే ఉన్నాయి. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీలో, గ్రామీణ బాలల కోసం తెలుగు కార్డులతో రూపొందించిన విధానాన్ని చూసి వచ్చిన మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు, యునిసెఫ్ తోడ్పాటుతో 1995 ప్రాంతంలో దీనిని కన్నడంలో ఆరంభించారు. 2009–10 నుండి ఇది రాష్ట్రమంతటా ప్రభుత్వ పాఠశాలలకు విస్తరించింది.

మనం చదివిన తరగతికి, ఈ తరగతికి పోలిక తక్కువ. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు ఉపాధ్యాయుని పూర్తి సహాయం ఉంటుంది. ఒక గుంపు తోటి పిల్లల సహాయంతో నేర్చుకొంటుంది. మరొకటి తనంతట తానే అభ్యసిస్తుంది. పాఠాలు చిన్న చిన్న మెట్లుగా విభజింపబడి ఉంటాయి. ఆ క్రమాన్ని “కలికా ఏణి”, అనగా నేర్పు నిచ్చెన, అంటారు. కొన్ని మెట్లు కలిస్తే ఒక “మైలుగల్లు”. ఏ బిడ్డ ఏ మైలురాయి వద్ద ఉన్నదో “ప్రగతి నోట” అనే పట్టికలో గుర్తిస్తారు.

ఈ పద్ధతి తెలియనందున తల్లిదండ్రులకు రెండు అపోహలు కలుగుతూ ఉంటాయి. సంచిలో పుస్తకాలు తక్కువగా ఉంటే, ఇంటికి వ్రాతపని రాకపోతే చదువు సాగడం లేదనుకోవడం మొదటిది. బిడ్డను అ, ఆ, ఇ, ఈ వరుసగా చెప్పమని అడిగి, చెప్పలేకపోతే అక్షరాలే రావనుకోవడం రెండవది. నలి-కలిలో అక్షరాలు వర్ణమాల వరుసలో రావు. వ్రాయడానికి సులువుగా ఉండి, త్వరగా మాటలు కూర్చడానికి వీలైన ర, గ, స, ద, అ అనే అక్షరాలతో చదువు మొదలవుతుంది. అందుచేత వరుసను అప్పజెప్పమనడం కంటె, ఒక చిన్న మాటను చూపి చదవమనడం మేలు.

బడికి వెళ్ళినప్పుడు ప్రగతి నోటను చూపమని అడగండి. బిడ్డ ఇప్పుడు ఏ మైలురాయి వద్ద ఉన్నది, గత నెలలో ఎక్కడ ఉన్నది అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకే మెట్టు వద్ద చాలా వారాలు ఆగిపోయి ఉంటే, కారణం ఏమిటో, అందుకు ఏమి చేయుచున్నారో అడగాలి. పక్క బిడ్డ ఎక్కడ ఉన్నదని పోల్చవలసిన పని లేదు. ఈ పద్ధతిలో ఒక్కొక్కరి నడక ఒక్కొక్క వేగంతో సాగుతుంది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం

ఈ ఊరి బిడ్డకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం వినిపిస్తాయి. ఇది బిడ్డకు భారమని భయపడి, ఇంట్లో తెలుగు మానివేసి, తమకు అంతగా రాని భాషలో బిడ్డతో మాట్లాడే తల్లిదండ్రులు ఉన్నారు. అది అవసరం లేదు. ఇంటి భాషలో బిడ్డ ఎంత ఎక్కువ వింటే, ఎంత ఎక్కువ మాట్లాడితే, బడి భాషను అందుకోవడానికి అంత బలం చేకూరుతుంది. ఈ కోలారు జిల్లాలోనే మాలూరు ప్రాంతంలో, తమిళం మాట్లాడే ఇంట పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ కన్నడంలో మహారచయితయై జ్ఞానపీఠ పురస్కారం పొందారు.

తెలుగు, కన్నడ భాషల చుట్టరికం కూడ మనకు తోడ్పడుతుంది. మన మాటలలో మొదట ఉన్న ‘ప’ అనేక చోట్ల కన్నడంలో ‘హ’గా మారుతుంది: పాలు – హాలు, పులి – హులి, పాము – హావు, పండు – హణ్ణు, పంది – హంది. ఇటువంటి జంటలను బిడ్డతో కలిసి వెదకడం మంచి ఆట. లిపులు కూడ ఒకే మూలం నుండి వచ్చినవే. గ, ద, ర, ల, మ, య, స వంటి అక్షరాలను తెలుగు చదివినవారు కన్నడ పుస్తకంలో చూడగానే పోల్చుకోగలరు. క, త, శ, హ వంటివి కొంత భిన్నంగా ఉంటాయి. వాటిని బిడ్డ చేతనే చెప్పించుకొంటే, తాను నేర్పుచున్నానన్న ఉత్సాహం బిడ్డకు కలుగుతుంది. నోటు పుస్తకంలో ఉపాధ్యాయుడు వ్రాసినది చదవగల శక్తి మీకు వస్తుంది.

చదువు రాని తల్లిదండ్రులు కూడ బిడ్డ చదువును పరీక్షించవచ్చును. బిడ్డ ఇదివరకు చదవని చిన్న కన్నడ కథను చదవమని, తరువాత దానిని తెలుగులో చెప్పమని అడగండి. కథలో ఎవరున్నారు, ఏమి జరిగినది, ఎందుకు జరిగినది అని తెలుగులో చెప్పగలిగితే బిడ్డ అర్థం చేసుకొని చదివినదన్నమాట. గడగడ చదివి, కథ చెప్పలేకపోతే అక్షరాలు వచ్చినవి గాని అర్థం ఇంకా అందలేదు. గడియారం పట్టి వేగం కొలవవలసిన అవసరం ఇంట్లో లేదు. లెక్కలకు అంగడి చాలును: ముప్పది రెండు రూపాయల కూరగాయలకు ఏబది రూపాయలు ఇస్తే తిరిగి ఎంత రావాలని అడిగి చూడండి.

ఉపాధ్యాయుని అడగవలసిన ప్రశ్నలు

సమావేశంలో సమయం కొద్దిగా ఉంటుంది. “మా బిడ్డ ఎట్లా చదువుచున్నది?” అని అడిగితే “బాగానే చదువుచున్నది” అన్న సమాధానమే వస్తుంది. ప్రశ్న నిర్దిష్టంగా ఉంటే సమాధానమూ అట్లే ఉంటుంది.

1. గుణింతాలు, ఒత్తులు ఉన్న మాటలను తానుగా చదవగలదా?
2. చూచి వ్రాయడం కాక, సొంతంగా రెండు మూడు వాక్యాలు వ్రాయగలదా?
3. మూడంకెల సంఖ్యలు ఎంతవరకు వచ్చినవి? తీసివేతలో ఎక్కడ తడబడుచున్నది?
4. తరగతిలో మాట్లాడుచున్నదా, మౌనంగా ఉండిపోవుచున్నదా?
5. వచ్చే నెల లోపల ఏమి నేర్వాలి? అందుకు ఇంట్లో మేము ఏమి చేయాలి?

నాలుగవ ప్రశ్నను విడువరాదు. బిడ్డ మౌనానికి భాష తెలియకపోవడమే కారణం కావచ్చు. నల్లబల్ల సరిగా కనిపించకపోవడం, మాట సరిగా వినిపించకపోవడం కూడ కావచ్చు. ఉపాధ్యాయుడు అటువంటి అనుమానం చెప్పినట్లయితే, కన్ను, చెవి పరీక్ష చేయించడంలో ఆలస్యం తగదు.

ఉపాధ్యాయుడు లోటును చెప్పిన రోజున ఇంటికి వచ్చి బిడ్డను కొట్టడం, తిట్టడం వలన ఒకే ఫలితం కలుగుతుంది: మరునాటి నుండి బిడ్డ దాచడం నేర్చుకొంటుంది, ఉపాధ్యాయుడు చెప్పడం మానివేస్తాడు. సమాచారం ఇంటికి చేరాలంటే దానిని ఇల్లు నిబ్బరంగా స్వీకరించాలి.

పనివేళలు కుదరనివారికి

తెల్లవారి రైలుకు వెళ్ళేవారు మధ్యాహ్నపు సమావేశానికి రాలేరు. శనివారం ఉదయం బడి ఒంటిపూట ఉంటుంది గనుక, నెలకు ఒక శనివారం బడి విడిచిన తరువాత పది నిమిషాలు ఇవ్వవలసినదిగా ముందుగా కోరవచ్చును. మీరు రాలేకపోతే అవ్వ, తాత, పెద్దమ్మ, ఎవరైనా ఇంటి పెద్దను పంపండి. పై ప్రశ్నలను వారికి చెప్పి పంపండి. కన్నడం చదవలేనివారు ఉపాధ్యాయుని అనుమతితో ఫోనులో మాట సందేశం పంపమని అడగవచ్చును. తెలుగు తెలిసిన మరొక తల్లిని సమావేశంలో తోడుగా కూర్చోబెట్టుకోవచ్చును.

సంవత్సరం మధ్యలో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చి చేరే పిల్లల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాత బడి నోటు పుస్తకాలను వెంట తెచ్చి ఉపాధ్యాయునికి చూపండి. తెలుగులో చదవగల బిడ్డకు చదవడమనే విద్య వచ్చినట్లే. కొత్తగా నేర్వవలసినది కన్నడ భాష, లిపి మాత్రమే. ఈ సంగతి తెలియకపోతే ఏమీ రాని బిడ్డగా లెక్కింపబడే ప్రమాదం ఉన్నది. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో బడిలో చేర్చుకోకపోవడం చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధం.

సమాచారం అందనప్పుడు

మొదట తరగతి ఉపాధ్యాయుని, తరువాత ప్రధానోపాధ్యాయుని కలవండి. ప్రభుత్వ పాఠశాలలలో ఎస్.డి.ఎం.సి. ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. పిల్లల చదువు ప్రగతిని ప్రతి సమావేశంలో చర్చించమని, తల్లిదండ్రుల సమావేశాన్ని పనివారికి వీలైన వేళకు మార్చమని ఆ సంఘాన్ని కోరవచ్చును. అక్కడ తీరని విషయాన్ని క్షేత్ర శిక్షణాధికారి, అనగా బి.ఇ.ఓ., కార్యాలయానికి తెలుపవచ్చును. చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక ప్రాధికారానికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, దానిపై మూడు నెలలలో నిర్ణయం తీసుకోవాలి.

చాలా సందర్భాలలో అంతదూరం పోవలసిన అవసరం కలుగదు. నెలకొకసారి బడి గడప తొక్కి, నిర్దిష్టంగా నాలుగు ప్రశ్నలు అడిగే తల్లిదండ్రులు ఉన్న బిడ్డను గూర్చి ఉపాధ్యాయుడు కూడ నిర్దిష్టంగానే ఆలోచిస్తాడు. ఈ సంవత్సరం దసరా సెలవులు రాకముందే ఒకసారి వెళ్ళి ప్రగతి నోటను చూడండి. అప్పటికి లోటు ఏదైనా తెలిస్తే, దానిని పూరించడానికి ఇంకా సగం సంవత్సరం మీ చేతిలో ఉంటుంది.