గర్భస్థశిశువు – వంటయింటి యుప్పు

ఉప్పు లేని కూర రుచింపదని సోదరీమణులందరును ఎరుగుదురు. కాని ఆ యుప్పునకును కడుపులోని బిడ్డ బుద్ధికిని సంబంధము కలదన్నచో కొంద రాశ్చర్యపడుదురేమో! ఆ సంగతినే మేమిచట విన్నవింపదలచితిమి.

మన కంఠమున ముందువైపున థైరాయిడ్ అను చిన్న గ్రంథి కలదు. అది తయారుచేయు థైరాక్సిన్ అను పదార్థము రక్తమున గలసి, దేహమందలి కణములకు వార్తలు మోయు దూతవంటిది. దీనిని 1914వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ అను శాస్త్రజ్ఞుడు వేరుపరచెను. థైరాక్సిన్ ఒక్కొక్క అణువునందును నాలుగు అయోడిన్ పరమాణువు లుండును. అయోడిన్ చాలనిచో ఈ దూతకు పుట్టుకయే లేదు.

గర్భమున శిశువు మెదడుకణములు పుట్టి, తమ తమ తావులకు తరలిపోయి, ఒకదానితో నొకటి తీగలవలె నల్లుకొనవలయును. థైరాక్సిన్ ఆ కణములలో బ్రవేశించి, ఒక అయోడిన్ పరమాణువును విడిచి చురుకైన రూపు దాల్చును. పిదప కణకేంద్రమును జేరి కొన్ని జన్యువులను మేల్కొల్పును, కొన్నిటిని జోకొట్టును. మెదడు క్రమముగా నెదుగుటకు ఈ వార్త వేళకు అందవలయును.

సుమారు మొదటి మూడు నెలలును శిశువు దీనిని స్వయముగా తయారుచేసికొనజాలదు. తల్లి రక్తమునుండి మావి ద్వారా వచ్చినదే దానికి గతి. తల్లికి తాను గర్భవతినని తెలియకమునుపే ఈ పని యారంభమగును. అప్పుడు అయోడిన్ మిక్కిలి కొరవడినచో బిడ్డకు బుద్ధిమాంద్యమును, మూగచెవుడును గలుగవచ్చును. పిదప నెంత యిచ్చినను పోయినది పూర్తిగా మరలి రాదు.

హిమాలయప్రాంతమందలి కాంగ్రా లోయలో అయోడిన్ లేమిచే గళగండము, అనగా మెడవాపు, విస్తారముగా నుండెడిది. శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారును వారి సహచరులును 1956లో ఆ లోయను భాగములుగా విభజించి, కొందరకు అయోడిన్ కలిపిన యుప్పును, కొందరకు మామూలు ఉప్పును ఇప్పించిరి. కొన్ని యేండ్లలో మొదటివారియందు వ్యాధి మిక్కిలి తగ్గెను. 1962లో ప్రభుత్వము దేశమున గళగండ నివారణకు బూనుకొనెను.

ఇది కొండలలోని వారి కథయే యని తలపరాదు. సముద్రతీరవాసులకును ఈ కొరత కలుగుచున్నది. గర్భిణికి దినమునకు కావలసినది 250 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో నాలుగువేలవ వంతు మాత్రమే. అందుకై ఉప్పు నధికముగా తిన బనిలేదు. అయోడిన్ కలిసినదా యని చూచి కొనవలయును. కల్లుప్పు విషయమున మరింత జాగ్రత్త యవసరము. తడి తగులకుండ మూతగల పాత్రలో నుంచి, వంట దింపబోవు వేళ వేయుట మేలు. థైరాయిడ్ వ్యాధి గలవారు వైద్యుని యడిగి నడచుకొనవలయును.

బిడ్డ మందబుద్ధియైనచో తల్లి నొసటివ్రాత యని నిందించుట మన యిండ్లలో నింకను వినబడుచునే యున్నది. ఆ నిందలో కొంతభాగమైనను చిటికెడు ఉప్పుతో తప్పింపవచ్చును. కావున ఉప్పు కొని తెచ్చు మగవారికిని ఈ సంగతి చదివి వినిపింప ప్రార్థించుచున్నాము.