మెడలో దొరికే గుండె నమూనా

తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లుల్లో లాటు మొత్తం విప్పి చూడరు. కొన్ని కోన్ల నుంచి 120 గజాల చొప్పున 'లీ'లు చుట్టి, తూకం వేసి, నూలు నెంబరు, అంటే దాని సన్నదనం, చెప్పేస్తారు. విజయనగర కాలంలో వలస వచ్చి, నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రాజుల ఊరిది. ఇక్కడ చాలామందికి ఈ నమూనా లెక్క చిన్నప్పటినుంచీ తెలుసు. మెడ రక్తనాళానికి స్కాన్ తీసి గుండె సంగతి అంచనా కట్టడమూ ఇలాంటి లెక్కే.

గుండె కండరానికి రక్తం మోసే కరోనరీ ధమనులు సన్నవి. పైగా ఛాతీ లోపల, క్షణం ఆగని గుండె మీద ఉంటాయి. మామూలు అల్ట్రాసౌండుకు వాటి గోడలు సరిగా చిక్కవు. మెడలోని కెరోటిడ్ ధమని అలా కాదు. చర్మం కిందే ఉంటుంది, వేలు పెడితే నాడి తగులుతుంది. జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే చాలు. సూది లేదు, ఎక్స్‌రే లేదు.

తెర మీద ఆ ధమని గోడ రెండు తెల్లటి గీతలుగా కనిపిస్తుంది. వాటి మధ్య దూరమే గోడ లోపలి రెండు పొరల మందం. 1986లో ఇటలీకి చెందిన పిగ్నోలీ బృందం స్కాన్ కొలతను అసలు ధమని ముక్కల కొలతతో పోల్చి, రెండూ దగ్గరగా ఉన్నాయని చూపింది. 2000లో వెలువడిన చెన్నై నగర అధ్యయనంలో ఈ మందం షుగరు ఉన్నవాళ్లలో సగటున 0.95 మిల్లీమీటర్లు, లేనివాళ్లలో 0.74.

అయితే మందం వేరు, పూడిక వేరు. వయసు వల్లా, బీపీ వల్లా గోడ మొత్తం దళసరి అవుతుంది. పూడిక అంటే ఒకచోట పుట్టిన బొడిపె. అది నాళంలోకి అర మిల్లీమీటరైనా పొడుచుకొస్తే, లేదా అక్కడ మందం 1.5 మిల్లీమీటర్లు దాటితే, దాన్ని ప్లాక్ అంటారు. ధమని రెండుగా చీలే చోట రక్తం సుడి తిరుగుతుంది కాబట్టి ఎక్కువగా అక్కడే పేరుకుంటుంది. గుండె ముప్పు విషయంలో మందం కన్నా ప్లాక్ సాక్ష్యానికే బలమెక్కువ.

అసలు మెలిక ఇక్కడుంది. లీ చెప్పే మాట అదే లాటుకు చెల్లుతుంది. మెడా గుండే ఒకే పత్తితో వడికినవే గానీ, వడికిన యంత్రాలు వేరు. కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొగ రెండుచోట్లా ఒకే రక్తంతో పనిచేస్తాయి. పూడిక మాత్రం రెండుచోట్లా ఒకే వేగంతో పెరగదు. మెడ శుభ్రంగా ఉన్నా గుండెలో అడ్డు ఉండొచ్చు. 2012లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, మామూలు ముప్పు లెక్కకు మందం కొలత చేర్చినా ఒరిగింది స్వల్పమే. 2013లో అమెరికా హృద్రోగ సంఘాలు అందరికీ ఈ కొలత అక్కర్లేదన్నాయి. 2021 యూరప్ మార్గదర్శకాలూ మందాన్ని పక్కనపెట్టి, ప్లాక్‌ను మాత్రం పరిగణించవచ్చన్నాయి.

మరి ఎవరికి పనికొస్తుంది? ముప్పు మరీ తక్కువా కాదు, ఎక్కువా కాదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు తటపటాయించే మనిషికి. మెడలో ప్లాక్ కనిపిస్తే ఆ తటపటాయింపు తీరుతుంది. ఛాతీలో నొప్పి పుట్టినప్పుడు మాత్రం మెడ స్కాన్ కోసం క్యూలో నిలబడకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

లీ తూచినంత మాత్రాన నూలు బాగుపడదని మిల్లువాళ్లకు తెలుసు. నెంబరు తప్పితే లోపలికి వెళ్లి యంత్రం సరిచేస్తారు. మెడ స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక మనం సరిచేయాల్సిందీ బీపీనీ, షుగరునూ, కొలెస్ట్రాల్‌నూ, జేబులోని బీడీకట్టనూ.