దొరువు దగ్గర 180 గంటలు

మే నెలలో బాపట్ల నుంచి రేపల్లె వైపు 216వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే కాలవలు బోసిపోయి కనిపిస్తాయి. నీళ్లు కట్టేసిన రోజులవి. కర్లపాలెంలో బస్సు దిగేసరికి ముంజెలు కొట్టే కత్తి చప్పుడు వినిపిస్తుంది. సెలవులకు ఇల్లు చేరిన డిగ్రీ, ఇంజినీరింగు పిల్లలు ఏ వేపచెట్టు కిందో ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

“ఏరా, సెలవుల్లో ఏం చేస్తున్నావ్?”

“ఇంటర్న్‌షిప్పు బాబాయ్.”

“ఎక్కడ?”

“ఇక్కడే. రిపోర్టు ఇస్తే చాలు.”

ఆ ‘చాలు’ దగ్గరే వస్తుంది చిక్కు. మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది పూర్తయ్యాక వేసవిలో, పిల్లలు ఇంటర్న్‌షిప్పు అంటున్న ఈ సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలని ఉన్నత విద్యామండలి నిబంధన పెట్టింది. 180 గంటల పని, 4 క్రెడిట్లు. ముందు ఊళ్లో సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, ఆపైన ఒక చిన్న ప్రాజెక్టు, చివర నివేదిక. ఏ రోజు ఏం చేశారో లాగ్‌బుక్కులో రాసుకోవాలి. కాగితం మీద ఇంతకంటే మంచి ఆలోచన ఉండదు. తీరా చూస్తే, ఊరి పేరు మార్చి అచ్చేసిన రిపోర్టు జిరాక్సు షాపులో దొరుకుతోంది. అలాంటిది ఒకటి నా చేతికీ వచ్చింది. సముద్రం పక్కనున్న ఊరి గురించి రాసిన ఆ పుస్తకంలో నేల నల్లరేగడి అని ఉంది!

సెలవుల్లో ఊరిని చదవడం కొత్త సంగతి కాదు. నూరేళ్లు దాటింది. మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో మీ మీ ఊళ్ల లెక్కలు తీసుకురండని పంపాడు. ఎవరికి ఎంత భూమి ఉంది, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, ఏం తింటున్నారు అన్నవే ఆ లెక్కలు. అవన్నీ కలిపి 1918లో పుస్తకంగా వచ్చాయి. అందులో మన తెలుగు ఊరు ఊనగట్ల కూడా ఉంది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అవే ఊళ్లకు వేరే ఆచార్యులు మళ్లీ వెళ్లి, ఏం మారిందో చూసి 1940లో మరో పుస్తకం వేశారు. సెలవులకు ఇంటికెళ్లిన కుర్రాళ్లు రాసుకొచ్చిన అంకెలు లేకపోతే రెండోసారి దేనితో పోల్చి చూసేవారు? ఇక మన పక్క నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో చదివొచ్చాక, డెల్టా గ్రామాల ఆర్థిక జీవితం మీద 1926లో పుస్తకం వేశారు.

కర్లపాలేనికి పొరుగునే పిట్టలవానిపాలెం మండలంలో మంతెనవారిపాలెం ఉంది. సెలవుల చదువుకు ఈ తీరంలో ఇంకో ముఖమూ ఉంది: 1938 వేసవిలో అక్కడ రాజకీయ పాఠశాల నడిచింది. అంతకు ముందు ఏడాది ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో ఇలాంటిదే పెడితే ప్రభుత్వం నిషేధించింది, లాఠీలు లేచాయి. ఆ పాఠశాలలు నడిపినవాళ్ల రాజకీయాలు మనకు నచ్చాలనేం లేదు. సెలవుల్లో కుర్రాళ్లు లాఠీ దెబ్బలు తిని మరీ పాఠం విన్నారన్నది మాత్రం ఈ తీరపు చరిత్రలో ఉన్న మాట.

మరి ఇప్పుడు ఈ ప్రాంతంలో ఏం చదవాలి? నన్నడిగితే దొరువు.

బాపట్ల తీరంలో ఇసుక నేలలు. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు కదా. ఆ పై పొర అందుకోవడానికి రైతు ఇసుకలో గరాటులాంటి వాలు గొయ్యి తీస్తాడు. అదే దొరువు. బిందెలతో ముంచుకొచ్చి నారుమళ్లకూ ఆకుకూరలకూ పోస్తారు. గొయ్యి పొలంలో చాలా జాగా తినేస్తుంది, గట్టు జారుతూ ఉంటుంది. పోనీ అని లోతుగా బోరు దించి పెద్ద మోటారు పెడితే, కింది ఉప్పునీరు గోపురంలా పైకి పొడుచుకొస్తుంది. ఆ తర్వాత ఆ బోరు పనికిరాదు.

బాపట్లలో ఉప్పు నేలల మీద, ఉప్పునీటి మీద పనిచేసే పరిశోధన కేంద్రం దీనికి ఉపాయం చూపింది. ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, వాటిని ఒక చిన్న బావిలోకి కలిపి, తక్కువ శక్తి మోటారుతో నెమ్మదిగా తోడటం. పాలమీద మీగడ తీసినట్టు పై పొర మాత్రమే వస్తుంది. గొయ్యి తిన్న జాగా మళ్లీ సాగుకు మిగులుతుంది.

ఇందులో డిగ్రీ విద్యార్థికి ఏం పని అంటారా? మీ ఊళ్లో ఎన్ని దొరువులున్నాయి, ఎన్ని పూడ్చేశారు, ఎప్పుడు పూడ్చారు? పెద్దవాళ్లను అడిగి రాయండి. నీటి విద్యుత్ వాహకత కొలిచే ఈసీ మీటరు ముంచితే నీటి ఉప్పుదనం అంకెగా వస్తుంది. సిల్వర్ నైట్రేటుతో క్లోరైడు లెక్కగట్టడం కెమిస్ట్రీ పిల్లలు ప్రాక్టికల్సులో చేసిందే. కామర్సు చదివేవాడు ఆకుకూర కట్ట మీద నీటి ఖర్చు ఎంత పడుతోందో తేల్చవచ్చు. రొయ్యల చెరువులొచ్చాక మా నీరు ఉప్పెక్కిందని ఒకరంటే, కాదని మరొకరంటారు. రచ్చబండ దగ్గర ఆ తగాదా తేలదు. ఏటా ఒకే చోట, ఒకే నెలలో తీసిన అంకెలుంటే తేలుతుంది. రోజుకు ఆరు గంటల చొప్పున 180 గంటలంటే 30 రోజులు.

నీళ్ల మీద ఆసక్తి లేకపోతే నిజాంపట్నం వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు మాటలకు దొరుకుతారు. చేపల పేర్లు, గాలుల పేర్లు, వలల పేర్లు రాసుకోవడానికి ఇంతకన్నా అనువైన కాలం లేదు. ఎండ భరించలేనివాళ్లకు వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం పరిశోధకులు దూరాల నుంచి వస్తారు. మీకైతే బాపట్లలో రైలెక్కితే చాలు. ఆన్‌లైన్ కోర్సులంటారా, స్వయం పోర్టల్‌లో బోలెడు ఉన్నాయి, చేసుకోండి. అవి డిసెంబరులోనైనా దొరుకుతాయి.

దొరువు అంకె అలా దొరకదు. తొలకరి పడితే పైనుంచి వాన నీరు చేరి ఉప్పుదనం పలచబడుతుంది. ఏడాదిలో నీరు బాగా ఉప్పెక్కేది ఎండలు ముదిరిన ఈ కొద్ది వారాలే. కాలేజీ ల్యాబు మూసేలోగా మీ మాస్టారిని అడిగి మీటరు తెచ్చుకోండి. వానలు పడ్డాయంటే మళ్లీ వచ్చే మే దాకా ఆగాలి.