స్విచ్ పక్కన అట్టముక్క ఎందుకు ఓడిపోతుంది?

‘గది వదిలి వెళ్లేముందు లైట్లు, ఫ్యాన్లు ఆపండి’. కాలేజీలోనో హాస్టల్లోనో స్విచ్ బోర్డు పక్కన ఈ అట్టముక్కను మీరు చూసే ఉంటారు. మొదటి వారం చదివి ఉంటారు. ఆ తర్వాత? గోడకున్న సున్నం ఎలాగో అదీ అలాగే. రాసినదాంట్లో తప్పేమీ లేదు. చదివినవారు చెడ్డవారూ కారు. మరి అది ఎందుకు పనిచేయదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఉద్యోగంగా గలవారు విదేశాల్లోని అనేక కాలేజీల్లో ఉన్నారు. కరెంటు, నీరు, చెత్త విషయాల్లో కాలేజీ ఏం చేస్తోందో విద్యార్థులకు తెలియజెప్పడం, వారిని ఆ పనిలో కలుపుకోవడం వీరి బాధ్యత. పోస్టర్లు అంటించడమే కదా అనుకోకండి. అందులో సగం కొలతల పని, మిగతా సగం మనస్తత్వశాస్త్రం.

ముందు కొలతల సంగతి చూద్దాం. ఇంట్లో కరెంటు బిల్లు వస్తే నాన్నగారి కేకలు వినిపిస్తాయి. హాస్టల్ బిల్లు మాత్రం నేరుగా ఆఫీసుకు వెళ్తుంది, మీ కంట పడదు. ఖాళీ గదిలో 75 వాట్ల ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్ ఖర్చవుతుంది. 100 గదుల్లో ఇలాగే జరిగితే రోజుకు 60 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ ఉత్పత్తికి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే రోజుకు 42 కిలోలు, ఎవరికీ చల్లగాలి తగలకుండానే!

ఈ కనిపించని లెక్కను కళ్లెదుట పెడితే ఏమవుతుంది? అమెరికాలో ఒహయో రాష్ట్రంలోని ఒబర్లిన్ కాలేజీలో 2005లో హాస్టళ్ల మధ్య రెండు వారాల పొదుపు పోటీ పెట్టారు. చాలా హాస్టళ్లకు వారానికి ఒకసారి మీటరు రీడింగు తెలిపారు. రెండు హాస్టళ్లలో మాత్రం వాడకం ఎప్పటికప్పుడు కంప్యూటరు తెరపై కనిపించే ఏర్పాటు చేశారు. మొత్తం మీద కరెంటు వాడకం 32 శాతం తగ్గింది. వారానికొక అంకె చూసినవారు 31 శాతం తగ్గిస్తే, ఎప్పటికప్పుడు చూసినవారు 55 శాతం తగ్గించారు! రెండే హాస్టళ్లు కనుక ఈ చివరి అంకెను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. అన్నట్టు, నీటి వాడకం తగ్గింది 3 శాతమే. కరెంటు విషయంలో ఫలించిన ఉపాయం నీటి విషయంలోనూ అంతే ఫలిస్తుందన్న హామీ లేదన్నమాట.

ఇక మాటల సంగతి. దీనికోసం కాలేజీ వదిలి అరిజోనా రాష్ట్రంలోని ఒక జాతీయ పార్కుకు వెళదాం. అక్కడ కోట్ల సంవత్సరాల కిందటి చెట్లు రాయిగా మారి ఉన్నాయి. సందర్శకులు ఆ ముక్కలను జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ చాల్డీని బృందం అక్కడ గుర్తు పెట్టిన ముక్కలను దారి పక్కన ఉంచి, రెండు రకాల బోర్డులను పరీక్షించింది. ‘దయచేసి తీసుకుపోవద్దు’ అన్న అర్థంతో రాసినచోట 2 శాతంలోపు ముక్కలే మాయమయ్యాయి. ‘చాలామంది తీసుకుపోయి పార్కును పాడుచేశారు’ అన్నచోట దాదాపు 8 శాతం పోయాయి! నిందించాలని రాసిన వాక్యమే ‘అందరూ చేసేదేలే’ అన్న ధైర్యాన్నిచ్చింది. ‘మన హాస్టల్లో ఎవ్వరూ ఫ్యాన్లు ఆపడం లేదు’ అని పోస్టరు రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

సగటు చెప్పినా చిక్కే. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ పట్టణంలో దాదాపు 300 ఇళ్లవారికి వారి కరెంటు వాడకాన్నీ ఇరుగుపొరుగు సగటునూ తెలిపారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఎక్కువ వాడేవారు తగ్గించారు. తక్కువ వాడేవారు మాత్రం పెంచేశారు! మనమే ఎందుకు పొదుపు చేయాలి అనుకున్నారు కాబోలు. అయితే తక్కువ వాడినవారి కాగితంపై ఒక నవ్వుమొహం బొమ్మ గీస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. చిన్న మెచ్చుకోలు అది, ఖర్చు చుక్క సిరా.

మన దేశంలో పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. డిగ్రీలో ఆరు నెలల కోర్సూ వచ్చింది. పాఠం ఉంది. పాఠం జరిగే భవనం ఎన్ని యూనిట్లు కాలుస్తోందన్న అంకె మాత్రం సాధారణంగా ఆ తరగతి గదిలోకి రాదు.

దాన్ని మీరే తేవచ్చు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, రెండు వారాలపాటు రోజూ ఒకే వేళకు హాస్టల్ మీటరు చదవండి. నిన్నటి అంకెను తీసివేసి, ఆ రాత్రి హాస్టల్లో ఉన్నవారి సంఖ్యతో భాగించండి. లేకపోతే సెలవులకు సగంమంది ఊరెళ్లిన వారం మీరు గొప్ప పొదుపు సాధించినట్టు కనిపిస్తుంది. వచ్చిన అంకెను మెస్సు గుమ్మం దగ్గర నల్లబల్లపై రాయండి. పెరిగిన రోజున కూడా రాయండి. దాచారని తెలిస్తే మర్నాటి అంకెను ఎవరూ నమ్మరు. అలాగే, ‘నీరు ఆదా చేయండి’ అన్న బోర్డు కింద నెలరోజులుగా కారుతున్న కుళాయి ఉంటే, ముందు దాన్ని బాగుచేయించమని ఆఫీసులో అడగండి. విద్యార్థులు చూసేది బోర్డును కాదు, కుళాయిని.

ఒక జాగ్రత్త: మీటరు బోర్డు మూత తెరవకండి, వైర్లు ముట్టుకోకండి. అంకెలు గాజు బయటినుంచే కనిపిస్తాయి.