బిల్డింగ్ లేచే ముందే మల్బరీ తోట లెక్కలోకి రావాలి

ఈసారి చాకీ పురుగులు, గూళ్ళ ధరలు కాస్త పక్కన పెట్టి స్థలం సర్వే గురించి మాట్లాడుకుందాం. పెద్ద బిల్డింగులు, టౌన్‌షిప్పులు, పరిశ్రమల పార్కులు వచ్చే ముందు అక్కడి నేల, నీళ్ళు, చెట్టూ చేమా, జీవాలు ఎట్లా ఉన్నాయో చూసి రాసే సర్వే ఇది. మన ధర్మపురిలో ఇది దూరపు సంగతి కాదు. అదియమాన్‌కోట, తడంగం, అదగపాడి, బాలజంగమనహళ్ళి వైపు 1,700 ఎకరాలకు పైగా సిప్‌కాట్ పార్కు వస్తోంది. పార్కు వస్తే దాని చుట్టూ ఇళ్ళు, హాస్టళ్ళు, ప్లాట్లు వస్తాయి. పని దొరుకుతుంది, మన పిల్లలకూ అది కావాలి. వద్దని మేము అనడం లేదు. పక్కన మల్బరీ తోట ఉందని ఆ కాగితాల్లో ఉందా లేదా అన్నదే మా ప్రశ్న.

ముందు చట్టం సంగతి. కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే బిల్డింగులకు ముందస్తు అనుమతి కావాలి. అన్ని అంతస్తులూ కలిపి సుమారు 5 ఎకరాలంత. స్థలం 50 హెక్టార్లు గానీ, కట్టడం 1,50,000 చదరపు మీటర్లు గానీ దాటితే టౌన్‌షిప్ కింద లెక్క, దానికి పరిశీలన ఇంకా గట్టిగా ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పరిశ్రమల పార్కుకైతే కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చుని ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు, 30 రోజుల ముందే పేపర్లో ప్రకటన ఇస్తారు. బిల్డింగులకు, టౌన్‌షిప్పులకు ఆ మీటింగే లేదు. మైకు పట్టుకుని మన మాట చెప్పే రోజు రాదు. కాబట్టి కాగితం తయారయ్యే ముందే మన సంగతి అందులోకి ఎక్కాలి.

సర్వేకి వచ్చినవాళ్ళు చెరువులు, అడవులు, పక్షులు చూస్తారు. మన తోటను 'వ్యవసాయ భూమి' అని ఒక్క మాటలో రాసి వెళ్తారు. రాగి చేనూ మల్బరీ తోటా వాళ్ళకు ఒకటే. మనకు ఒకటి కాదని మీకు చెప్పాలా? రాగి ఆకు మీద దుమ్ము పడితే వాన కడుగుతుంది. మల్బరీ ఆకు మీద పడిన దుమ్ము నేరుగా పురుగు కడుపులోకి పోతుంది. నాలుగో జ్వరం లేచాక పురుగు మొత్తం మేతలో 80 శాతానికి పైగా తినేస్తుంది, ఆ వారం రోజుల్లో పక్కన జేసీబీ తవ్వితే చేసేదేముంది? ఆకు కడిగి వేయండి అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. తడి ఆకు మేపితే ఏ రోగాలు వస్తాయో వాళ్ళను మన షెడ్డుకు పిలిచి చూపించాలి.

దుమ్ము కంటే భయం మందులది. పునాదికి చెదల మందు కొడతారు. జనం చేరాక దోమల పొగ పెడతారు. దోమను చంపే మందు పట్టుపురుగును వదలదు, సాయంత్రం గాలి షెడ్డు వైపు తిరిగితే చాలు. కట్టడాలు పెరిగితే ఇటుక బట్టీలు పెరుగుతాయి. చైనాలో చెజియాంగ్ రాష్ట్రపు పట్టు ప్రాంతాల్లో 1980ల మొదట్లో బట్టీల పొగలోని ఫ్లోరైడ్ మల్బరీ ఆకుల్లో చేరి పంటలు పోయాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో ధర్మపురి వాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు, ఆకు మీద కూడా చేరుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

కాలం లెక్క కూడా మనకు సరిపోదు. గాలి, నీళ్ళు మామూలుగా వానలు లేని ఒక సీజన్, అంటే 3 నెలలు కొలుస్తారు. మనం ఏడాదికి 5 పంటలు తీస్తాం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొలిస్తే ఈశాన్య వానల నీళ్ళు ఇంకా బావుల్లో ఉంటాయి, రిపోర్టులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మే నెలలో బోరు దగ్గర నిలబడితే తెలుస్తుంది అసలు సంగతి.

పోనీ, భూమి తీసుకునే ముందే ఈ పరిశీలన జరగాలి కదా అంటారా? ఆ ప్రశ్న మన జిల్లా మీదుగానే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చెన్నై-సేలం 8 లేన్ల రోడ్డు, 277 కిలోమీటర్లు, మన ధర్మపురితో కలిపి 5 జిల్లాలు. 2019 ఏప్రిల్ 8న మద్రాస్ హైకోర్టు పర్యావరణ అనుమతి ముందు కావాలంటూ భూసేకరణను కొట్టేసింది. 2020 డిసెంబరు 8న సుప్రీంకోర్టు మాత్రం, పని మొదలుపెట్టే ముందు అనుమతి ఉంటే చాలు, సేకరణ నోటిఫికేషన్‌కు అక్కర్లేదని తేల్చింది. 2006 నోటిఫికేషన్‌లోనే స్థలం సమకూర్చుకోవడానికి మినహాయింపు ఉంది. చట్టం అట్లా ఉంది సరే. కానీ స్థలం కొన్నాక, డబ్బు పెట్టాక, 'ఈ చోటు తగదు' అని ఏ కన్సల్టెంట్ రాస్తాడు? వేరే చోటు చూశారా అన్న ప్రశ్నకు అప్పటికి జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. పిల్లను ఖాయం చేసుకుని తర్వాత జాతకం చూసినట్టు.

అందుకని మనం చేయగలిగింది సర్వే కంటే ముందు చేయాలి. దరఖాస్తులోని ఫారం 1లో, 15 కిలోమీటర్ల లోపల ముఖ్యమైన లేదా అరుదైన వనరులు ఏమున్నాయో రాయమనే గడి ఉంది. భూగర్భ జలం, వ్యవసాయం, చేపలు అని ఆ గడిలోనే ఉంటుంది. మన తోటలు ఎక్కాల్సింది అక్కడే. ఎక్కాలంటే ఆధారం కావాలి. అడంగల్‌లో మీ సర్వే నంబరు ఎదురుగా మల్బరీ అని ఉందా? పాత చెరకో, రాగో అలాగే ఉండిపోతే విఏఓ దగ్గరకు వెళ్ళి మార్పించండి. ఫసలీ జులై 1న మారుతుంది, అప్పటిదాకా ఆగనక్కర్లేదు. సెరికల్చర్ ఆఫీసు రిజిస్టరులో తోట, షెడ్డు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. షెడ్డు ముఖ్యం, ఎందుకంటే సర్వే మ్యాపులో అది మామూలు రేకుల కొట్టంలా కనిపిస్తుంది.

గ్రామసభలో తీర్మానం పెట్టించండి. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో సభ ఉంటుంది. ఊళ్ళో ఎన్ని ఎకరాల మల్బరీ, ఎన్ని షెడ్లు, ఏ నెలల్లో పురుగులు మేపుతామో అందులో రాయించాలి. దోమల పొగ పెట్టే ముందు, చెదల మందు కొట్టే ముందు కబురు చేయాలని కూడా. అనుమతి దరఖాస్తులు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి, ఫోనులో తెరిచి చూడటం ఇంట్లో కాలేజీ పిల్లలకు చెప్పండి.

రాబోయే గ్రామసభకు తీర్మానం నమూనా తమిళంలో రాసి గ్రూపులో పెడతాం. ఈలోగా మీ ఊరి పేరు, మల్బరీ ఎకరాలు, షెడ్ల సంఖ్య ఒక్క మెసేజ్‌లో పంపండి. అడంగల్ ఫోటో కూడా తీసి మీ దగ్గరే ఉంచుకోండి, గ్రూపులో పెట్టకండి.